చార్మినార్ ఉత్తరపు గోడకు ఎండ ఎప్పుడొస్తుంది?

డిసెంబరు, జనవరి నెలల్లో పాతబస్తీ చూడటానికి వచ్చేవాళ్లు చాలామంది మదీనా చౌరస్తా దగ్గర దిగి పత్తర్‌గట్టీ మీదుగా నడుస్తారు. గుల్జార్ హౌజ్ చేరేసరికి ఎదురుగా చార్మినార్ నిలబడి ఉంటుంది. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చేస్తాయి. తీరా తీసి చూసుకుంటే మీనార్లు మసకగా, నల్లగా, వెనక ఆకాశం పాలిపోయి కనిపిస్తాయి. ఫోన్ మార్చాలేమో అనుకుంటూ లాడ్ బజార్ వైపు వెళ్లిపోతారు.

ఫోన్ తప్పేమీ లేదు. గుల్జార్ హౌజ్ చార్మినార్‌కు ఉత్తరాన ఉంది. అక్కడ నిలబడితే మనం దక్షిణం వైపు చూస్తున్నట్టు. మనకు కనబడేది కట్టడం ఉత్తరపు ముఖం. హైదరాబాద్ భూమధ్యరేఖకు ఉత్తరంగా 17.4 డిగ్రీల దగ్గర ఉంది కాబట్టి సెప్టెంబరు 23 దాటాక మళ్లీ మార్చి 21 వచ్చేదాకా ఆ ముఖం మీద ఒక్క ఎండ కిరణం కూడా నేరుగా పడదు. డిసెంబరు మిట్టమధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తులో, సరిగ్గా కెమెరాకు ఎదురుగా ఉంటాడు. పర్యాటకులు ఎక్కువగా వచ్చే కాలమూ, ఆ గోడ నీడలో మునిగి ఉండే కాలమూ ఒకటే కావడం పాతబస్తీ ఫోటోలకు పట్టిన దురదృష్టం.

మరి ఆ గోడకు ఎండ వచ్చేదెప్పుడు? మార్చి మూడో వారం నుంచి పొద్దున, సాయంత్రం కొద్దికొద్దిగా మొదలవుతుంది. మే 9 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. ఆ మధ్యాహ్నం నిలువు కర్రకు నీడ పడదు. మళ్లీ అలాంటి రోజు ఆగస్టు 3 ప్రాంతంలో వస్తుంది. ఈ రెండు తేదీల మధ్య సూర్యుడు పొద్దు పొడిచింది మొదలు గుంకేదాకా ఆకాశంలో ఉత్తరపు సగంలోనే ఉంటాడు. అంటే రోజంతా ఎండ ఉత్తరపు ముఖానిదే. రోహిణి కార్తెలో తెల్లవారుజామున లేచి వెళ్లడానికి ఓపిక ఉంటే, సూర్యుడు తూర్పుకు సుమారు 23 డిగ్రీలు ఉత్తరంగా జరిగి ఉదయిస్తాడు కనుక కిరణాలు గోడను ఏటవాలుగా రాసుకుంటూ వెళతాయి. చార్మినార్ మీద గచ్చుతో చేసిన పూలు, తీగలు, సన్నటి గళ్లు అన్నింటికీ నీడ అంచు వస్తుంది. ఎదురుగా పడే వెలుగులో సపాటుగా కనిపించే గచ్చు పని, ఏటవాలు వెలుగులో చేతికి తగిలేలా కనిపిస్తుంది. జూన్‌లో తొలకరి పడ్డాక మబ్బుల వల్ల ఈ అవకాశం తగ్గిపోతుంది. కాబట్టి మే చివరి వారాన్ని వదులుకోకూడదు.

ప్రకృతి దృశ్యాల ఫోటోగ్రఫీ అనగానే మనవాళ్ల చూపు హిమాలయాల మీదికో, స్విట్జర్లాండ్ మీదికో పోతుంది. అందులో తప్పు లేదు. కానీ ఆ కళ గురించి వచ్చిన పుస్తకాలూ, వీడియోలూ ఎక్కువగా ఆల్ప్స్, రాకీ పర్వతాల గాలిలో, ఆ అక్షాంశాల ఎండలో పుట్టిన చిట్కాలను చెబుతాయి. వాటిని తెచ్చి మూసీ ఒడ్డున వాడబోతే సగం పనిచేయవు. ఇక్కడి అక్షాంశం వేరు, గాలి వేరు. రాయి మాత్రం ఒక విధంగా బంధువే. దాని సంగతి తర్వాత చెబుతాను. ముందు వెలుగు సంగతి.

సంజ వెలుగు కొలత

తెల్లని ఎండలో అన్ని రంగులూ ఉంటాయి. గాలి అణువులు తక్కువ తరంగదైర్ఘ్యం గల నీలాన్ని ఎక్కువగా చెదరగొడతాయి. దీన్నే పరిక్షేపణం అంటాం. 450 నానోమీటర్ల నీలం, 650 నానోమీటర్ల ఎరుపు కన్నా నాలుగు రెట్లకు పైగా చెదురుతుంది. సూర్యుడు నడినెత్తిన ఉంటే కిరణం దాటాల్సిన గాలి మందాన్ని ఒకటి అనుకుందాం. 10 డిగ్రీల ఎత్తుకు దిగేసరికి అది ఐదున్నర రెట్లు దాటుతుంది. దిగంతాన్ని తాకేవేళకు దాదాపు 38 రెట్లవుతుంది. దారిలో నీలమంతా చెదిరిపోగా మిగిలిన వెచ్చని రంగే మన నీరెండ. ఇంతవరకు ఆల్ప్స్‌కైనా పాతబస్తీకైనా ఒకటే సూత్రం.

తేడా వ్యవధిలో వస్తుంది. భూమధ్యరేఖకు దగ్గరయ్యేకొద్దీ సూర్యుడు నిలువుగా దిగుతాడు, దూరం పోయేకొద్దీ ఏటవాలుగా జారుతాడు. విషువత్తుల రోజుల్లో హైదరాబాద్‌లో సూర్యాస్తమయం తర్వాత సంజ వెలుగు సుమారు 22 నిమిషాలే ఉంటుంది. ఆల్ప్స్‌లో అదే వెలుగు అరగంట నిలుస్తుంది. ఎండాకాలంలో ఇంకా ఉత్తరాన నార్వేకి వెళితే గంటల తరబడి సాగుతుంది. అక్కడివాళ్లు రాసిన పుస్తకం చదివి, సూర్యుడు గుంకాక తీరిగ్గా ట్రైపాడ్ విప్పడం మొదలుపెడితే ఇక్కడ అప్పటికే చీకటి పడిపోతుంది. ఫ్రేము, ఫోకస్ అన్నీ ముందే చూసుకుని సిద్ధంగా ఉండాలి.

పర్వతాల మీద ఇంకో వైభవం ఉంది. లోయలో చీకటి పడ్డాక కూడా మంచు శిఖరాలు గులాబీ రంగులో వెలుగుతుంటాయి. ఎత్తున ఉన్న శిఖరానికి దిగంతం కిందికి జరుగుతుంది కనుక అక్కడ సూర్యుడు ఆలస్యంగా గుంకుతాడు. 4,800 మీటర్లకు పైబడిన మాంట్ బ్లాంక్ కొనకు ఈ లాభం లెక్కప్రకారం 12 నిమిషాలు. 50 మీటర్లు అటూ ఇటుగా ఉండే చార్మినార్ మీనార్లకు ఎంత? నిమిషం కన్నా తక్కువ. అయినా పాతబస్తీలో సందుల్లో చీకటి పడ్డాక మీనార్ల పైభాగం చాలాసేపు బంగారు రంగులో మెరుస్తూనే ఉంటుంది. ఆ పుణ్యం చుట్టూ ఉన్న మూడు, నాలుగు అంతస్తుల భవనాలది. అవే కింద రోడ్డుకు ముందుగా నీడ వేస్తాయి. ఇక్కడ లోయలను ఇళ్లు తయారుచేస్తాయి.

సూర్యుడు గుంకాక నెత్తిమీది ఆకాశం ముదురు నీలంగా మారడం చూసే ఉంటారు. ఇది కూడా పరిక్షేపణ ఫలితమేనని చాలాకాలం అనుకున్నారు. 1953లో అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ హల్బర్ట్ లెక్కలు కట్టి చూపించింది వేరు. ఆ వేళ కిరణాలు ఎగువ వాతావరణంలోని ఓజోన్ పొరగుండా చాలా దూరం అడ్డంగా ప్రయాణిస్తాయి. ఓజోన్ వాటిలోని నారింజ, పసుపు భాగాన్ని పీల్చేస్తుంది. సంజవేళ నడినెత్తి నీలంలో ఎక్కువ వాటా ఓజోన్‌దే.

ఈ నీలమూ, బజారు దీపాల పసుపూ సమాన కాంతితో ఉండే సమయం కొన్ని నిమిషాలే. చార్మినార్ ఫోటోకు అంతకుమించిన ఘడియ లేదని నా అభిప్రాయం. ఇంకాస్త ముందు తీస్తే దీపాలు వెలవెలబోతాయి. ఇంకాస్త తర్వాత తీస్తే ఆకాశం నల్లబడి, దీపాలు తెల్లని మచ్చలవుతాయి. రంజాన్ నెలలో ఈ ఘడియకు ఇంకో విశేషం తోడవుతుంది. ఇఫ్తార్ సైరన్ మోగేది సూర్యాస్తమయానికే. ఆ వెంటనే వచ్చే నీలపు వెలుగులో రోడ్డు మీద దస్తర్‌ఖాన్లు, ఖర్జూరాల బండ్లు, హలీం బట్టీల పొగ, దీపాలు అన్నీ ఒకేసారి ఫ్రేములోకి వస్తాయి. హిజ్రీ సంవత్సరం చాంద్రమానం కాబట్టి రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2030లో జనవరిలో ఒకసారి, డిసెంబరు చివర మరోసారి మొదలవుతుంది. కొన్నేళ్లపాటు రంజాన్ ఫోటోలకు చలికాలపు పొగమంచే వెనకతెర అన్నమాట. ఒక మాట. ఉపవాసం విడిచే మనిషి ముఖం మీదికి కెమెరా పెట్టేముందు అడగండి. కాదంటే సలాం చెప్పి పక్కకు జరగండి.

తోరణంలో సూర్యుడు

1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన చార్మినార్ నాలుగు తోరణాలు నాలుగు దిక్కులకు తెరుచుకుంటాయి. అంటే ఏడాదికి రెండుసార్లు, పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల్లో, పశ్చిమాన లాడ్ బజార్ మొగలో నిలబడినవాళ్లకు సూర్యుడు తూర్పు తోరణంలో కనబడాలి. లెక్క బాగానే ఉంది కానీ దాన్ని పట్టుకుని మార్చి 21న వెళితే నిరాశే. ఎందుకంటే ఎదురుగా ఇళ్లున్నాయి. సూర్యుడు వాటి పైకి, సుమారు 5 డిగ్రీల ఎత్తుకు వస్తేనే కనిపిస్తాడు. మన అక్షాంశంలో సూర్యుడు పైకి లేస్తూనే దక్షిణానికి కూడా జరుగుతాడు. ఒక్కో డిగ్రీ ఎత్తుకు మూడోవంతు డిగ్రీ కన్నా కొంచెం తక్కువ. 5 డిగ్రీలు ఎక్కేలోపు డిగ్రీన్నర పక్కకు పోతాడు. అది సూర్యబింబం వెడల్పుకు దాదాపు మూడింతలు.

దాన్ని సరిచేయాలంటే సూర్యుడు కాస్త ఉత్తరంగా ఉదయించే రోజును ఎంచుకోవాలి. ఆ రోజుల్లో ఉదయించే చోటు రోజుకు 0.4 డిగ్రీలు జరుగుతుంది కనుక, సరైన తేదీలు మార్చి 24, 25 ప్రాంతంలో, తిరిగి సెప్టెంబరు 19 ప్రాంతంలో వస్తాయి. సాయంత్రం అయితే సర్దార్ మహల్ వైపు రోడ్డులో నిలబడి పడమటికి చూడాలి. అదే తేదీలు పనికొస్తాయి. కట్టడం దిక్కులకు ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ ఉన్నా తేదీ మారిపోతుంది. అందుకే ముందురోజే వెళ్లి సూర్యుడు ఎక్కడ తేలుతున్నాడో చూసుకుని, రోజుకు ముప్పావు బింబం చొప్పున లెక్క వేసుకోవడం తెలివైన పని. ఫోన్‌లోని దిక్సూచిని పూర్తిగా నమ్మవద్దు. చుట్టూ ఉన్న ఇనుము దాన్ని తికమక పెడుతుంది.

ఈ లెక్కలతోనే ఇంకో లాభం ఉంది. పత్తర్‌గట్టీ వైపు నుంచి తీసిన చార్మినార్, దాని వెనక దిగువన పళ్లెమంత పున్నమి చంద్రుడు ఉన్న ఫోటో ఎక్కడైనా కనిపిస్తే అది అతుకుల బొమ్మ అని నిశ్చయంగా చెప్పవచ్చు. దక్షిణ దిక్కున చంద్రుడు హైదరాబాద్‌లో ఏనాడూ 44 డిగ్రీల కన్నా కిందికి రాడు. తూర్పు, పడమర దిగంతాల మీద కూడా అతని ఉదయాస్తమయాలు అటు 30, ఇటు 30 డిగ్రీలు దాటవు. ఫలక్‌నుమా గుట్ట నుంచి చార్మినార్ వెనక చంద్రోదయం తీశామన్నా అంతే. ఫలక్‌నుమా దక్షిణాన ఉంది. అక్కడి నుంచి చార్మినార్ ఉత్తరం వైపు కనబడుతుంది. ఉత్తరాన చంద్రుడు ఉదయించడు.

నిజమైన చంద్రోదయం కావాలంటే కట్టడానికి పడమరగా, దూరంగా జరగాలి. చంద్రబింబం వెడల్పు మనకూ వస్తువుకూ ఉన్న దూరంలో 110వ వంతు చోటును కప్పుతుంది. 550 మీటర్ల దూరం నుంచి చూస్తే కట్టడం దగ్గర 5 మీటర్లంత, కిలోమీటరు దాటి 1,100 మీటర్ల నుంచి చూస్తే 10 మీటర్లంత. చంద్రుడు పెద్దగా కావాలంటే వెనక్కు నడవాలి, ఆ తర్వాతే పెద్ద లెన్స్ కావాలి. దూరాన్ని దగ్గర చేసి చూపేది లెన్స్ అనుకోవడం అపోహ. ఆ పని చేసేది మనం నిలబడిన చోటు. కమాన్ 100 మీటర్ల దూరంలో, చార్మినార్ 200 మీటర్ల దూరంలో ఉంటే వాటి దూరాల నిష్పత్తి రెండు. అదే దారిలో 400 మీటర్లు వెనక్కు నడిస్తే 500, 600. నిష్పత్తి 1.2కు పడిపోతుంది. కమాన్‌తో పోలిస్తే చార్మినార్ అమాంతం పెరిగినట్టు అనిపిస్తుంది. చార్‌కమాన్‌లో ఉత్తరపు మచ్లీ కమాన్ అవతలి నుంచి దక్షిణానికి చూస్తూ ఇది పరీక్షించి చూడవచ్చు. మధ్యాహ్నం వద్దు. వేడెక్కిన తారు మీద గాలి పొరలు అల్లాడి, వక్రీభవనం వల్ల మీనార్లు వణుకుతున్నట్టు వస్తాయి. దాన్ని ఏ ఖరీదైన లెన్సూ సరిచేయలేదు.

గాలిని ఫోటో తీయడం

3,500 మీటర్ల ఎత్తున్న కొండమీద గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులు. గాలి పలుచన, దుమ్ము తక్కువ. యాభై మైళ్ల దూరంలో ఉన్న శిఖరం అంచు కూడా కత్తిరించినట్టు కనబడుతుంది. 500 మీటర్ల చిల్లర ఎత్తులో ఉన్న హైదరాబాద్‌లో పీడనం 94 శాతం దాకా ఉంటుంది. దానికి తోడు వాహనాల పొగ, రోడ్ల దుమ్ము. చలికాలం రాత్రుల్లో నేల త్వరగా చల్లారి, దానికి ఆనుకున్న గాలి బరువెక్కుతుంది. పైన వెచ్చని గాలి మూతలా కూర్చుంటుంది. ఈ ఉష్ణోగ్రత విలోమం వల్ల పొగ పైకి పోలేక మూసీ పల్లంలోనే పరుచుకుంటుంది. ఎండ ఎక్కి నేల వేడెక్కాకగానీ ఆ మూత తెరుచుకోదు.

ఊపిరితిత్తులకు ఇది చెడ్డ వార్త. ఫోటోకు మాత్రం పనికొస్తుంది. దూరం పెరిగేకొద్దీ మధ్యలోని గాలి తన వెలుగును కలుపుతుంది కాబట్టి దగ్గరి గుమ్మటం ముదురుగా, దాని వెనకది లేతగా, ఆ వెనకది ఇంకా లేతగా కనిపిస్తుంది. పర్వత శ్రేణుల ఫోటోల్లో మనం మెచ్చుకునే నీలి పొరలు సరిగ్గా ఇలాగే పుడతాయి. పాతబస్తీలో కొండల స్థానంలో గుమ్మటాలు, మీనార్లు, నీళ్ల ట్యాంకులు ఉంటాయి. దక్షిణాన పహాడీ షరీఫ్ గుట్ట మీద దర్గా దగ్గరి నుంచి జనవరి ఉదయం నగరం వైపు చూస్తే ఈ పొరలు దొరుకుతాయి. ఫలక్‌నుమా గుట్ట ఇంకా మంచి చోటు. కానీ వికార్-ఉల్-ఉమ్రా 1884లో కట్టడం మొదలుపెట్టిన ఆ ప్యాలెస్ 2010 నుంచి హోటల్. లోపలికి వెళ్లాలంటే ముందే ఏర్పాటు చేసుకోవాలి, జేబూ బరువుగా ఉండాలి.

దుమ్ము, పొగ కణాలు గాలి అణువుల కన్నా చాలా పెద్దవి. అవి వెలుగును ఎక్కువగా ముందుకే చెదరగొడతాయి. సూర్యుడి వైపు చూస్తే మబ్బు పట్టినట్టుండే దృశ్యం, సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకుని చూస్తే తేటపడటానికి కారణం ఇదే. పొరలు కావాలంటే సూర్యుడి వైపు, రంగులు కావాలంటే సూర్యుడికి వీపు పెట్టి తీయాలి. లాడ్ బజార్ సందుల్లో పొద్దున పరదాల సందు నుంచి ఎండ దూలాలు దిగుతాయి. కబాబ్ పొగ, ఊడ్చిన దుమ్ము వాటికి ఆకారం ఇస్తాయి. టిండాల్ ప్రభావం అని బడిలో చదువుకున్నది ఇదే. శుభ్రమైన ఆల్ప్స్ గాలిలో ఇది కోరినా దొరకదు.

ఆకాశాన్ని ముదురు నీలం చేసే పోలరైజర్ ఫిల్టర్ గురించి ఒక హెచ్చరిక. చెదిరిన నీలపు వెలుగులో ధ్రువణం సూర్యుడికి 90 డిగ్రీల దూరంలో గరిష్ఠంగా ఉంటుంది. సూర్యుడు నడినెత్తిన ఉన్న మే మధ్యాహ్నం, సిద్ధాంతం ప్రకారం, చుట్టూ దిగంతమంతా 90 డిగ్రీల దూరమే కనుక ఫిల్టర్ అన్ని దిక్కులా పనిచేయాలి. కానీ దుమ్ము కణాలు ఆ ధ్రువణాన్ని చెడగొడతాయి. అందుకే మండుటెండలో వేల రూపాయల ఫిల్టర్ తిప్పినా ఆకాశం తెల్లగానే ఉంటుంది. అదే ఫిల్టర్‌ను ఆగస్టు, సెప్టెంబరుల్లో వాన వెలిసిన సాయంత్రం వాడి చూడండి. చినుకులు దుమ్మును కడిగేస్తాయి. ఏడాది మొత్తంలో హైదరాబాద్ గాలి కొండగాలిని తలపించేది అప్పుడే.

గాలి తెర సంగతి ఫోటోగ్రఫీ పాతకాలపు వాళ్లకు ఇంకా బాగా తెలుసు. మీరట్ దగ్గరి సర్ధానాలో 1844లో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగ్ చదివిన లాలా దీన్‌దయాళ్ 1880లలో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఫోటోగ్రాఫర్ అయ్యారు. 1894లో ముసవ్విర్ జంగ్ బిరుదు పొందారు. ఆ కాలపు గాజు పలకలకు నీలం బాగా తెలుసు, ఎరుపు అసలు తెలియదు. గాలి చెదరగొట్టేదీ నీలాన్నే. అంటే పలక మీద గాలి తెర కంటికి కనిపించేదానికన్నా మందంగా పడుతుంది. నీలాకాశం తెల్లగా వెలిసిపోతుంది, దూరపు గుట్టలు కరిగిపోతాయి. ఆ తరం ఫోటోల్లో మబ్బులు అరుదుగా ఉండటానికీ, దగ్గరి కట్టడాలు అంత స్ఫుటంగా ఉండటానికీ ఇదొక కారణం. అన్ని రంగులనూ పట్టే పాంక్రొమాటిక్ పలకలు 1906లో గానీ బజారులోకి రాలేదు. దీన్‌దయాళ్ 1905లోనే కన్నుమూశారు.

ఆ పలకలు వచ్చాక ఏం సాధ్యమైందో చూపినవాడు ఆన్సెల్ ఆడమ్స్. 1927 ఏప్రిల్ 10న కాలిఫోర్నియా యోసెమిటీ లోయలో హాఫ్ డోమ్ అనే రాతి శిఖరాన్ని ముదురు ఎరుపు ఫిల్టర్‌తో తీశాడు. ఎరుపు ఫిల్టర్ నీలాన్ని ఆపేస్తుంది. ఆకాశం దాదాపు నల్లబడి, రాయి వెలిగిపోయింది. నలుపు తెలుపులో తీసేవాళ్లు ఫోన్ యాప్‌లో నీలం గీతను తగ్గించి ఇదే ఫలితం రాబట్టవచ్చు. పాతబస్తీ పొగమంచులో అది కొంతవరకే పనిచేస్తుంది. నీటి బిందువులు అన్ని రంగులనూ ఇంచుమించు సమానంగా చెదరగొడతాయి మరి.

250 కోట్ల ఏళ్ల బండ

ఆడమ్స్ తీసిన హాఫ్ డోమ్ గ్రానైట్ జాతి రాయి. వయసు తొమ్మిది కోట్ల ఏళ్ల లోపు. మన చార్మినార్, మక్కా మసీదుల రాయీ గ్రానైటే. హైదరాబాద్ గుట్టల గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. బంధువని ముందు చెప్పింది ఇందుకే. అయితే మనది ముత్తాతలకు ముత్తాత.

కరిగిన శిలాద్రవం భూమి లోతుల్లో చల్లారి గట్టిపడింది. కోట్ల ఏళ్లపాటు పైనున్న పొరలు కొట్టుకుపోయి బరువు తగ్గాక, రాయి సాగి నిలువునా అడ్డంగా బీటలు పడింది. ఆ బీటల్లోకి దిగిన నీరు ముందుగా మూలలను తినేసింది. మూలలు పోయిన దిమ్మె గుండవుతుంది. చుట్టూ మెత్తబడిన మన్ను వానలకు కొట్టుకుపోయాక, గుండు మీద గుండు నిలబడి మిగిలింది. ఎవరో పేర్చినట్టు కనిపించే ఈ బండలను ఎవరూ పేర్చలేదు. ఇవి ఉన్నచోటనే చెక్కుడుపడ్డవి. గోల్కొండ కోట గుట్ట, మౌలాలీ, పహాడీ షరీఫ్, అన్నీ ఇదే కథ.

ఈ రాయిలో గులాబీ ఛాయ పొటాషియం ఫెల్డ్‌స్పార్‌ది, తళుకు అభ్రకానిది. పొద్దుటి వెలుగులో ఎరుపు పాలు ఎక్కువ కనుక గులాబీ ఛాయ రెట్టింపైనట్టు ఉంటుంది. మధ్యాహ్నం అదే బండ బూడిద రంగులో పడి ఉంటుంది. వాన తడిస్తే ముదురుబారుతుంది. తడి పొరలోకి దిగిన వెలుగు లోపలే పలుమార్లు పరావర్తనం చెంది, ప్రతిసారీ రాయికి కొంత సమర్పించుకుంటుంది. రంగు చిక్కబడేది అందుకే. గుండ్రటి బండకు ఏటవాలు వెలుగు తప్పనిసరి. లేకపోతే దాని గుండ్రదనమే తెలియదు.

నీటి దగ్గర లెక్కలు వేరు. జూ పార్కు పక్కనున్న మీర్ ఆలం చెరువు ఆనకట్ట 21 అర్ధవృత్తాకార తోరణాలను వరుసగా నిలబెట్టి కట్టింది. ఇంజనీర్లు ఇప్పటికీ ముచ్చటపడే కట్టడం. నీటిని ఎంత ఏటవాలుగా చూస్తే అంత ఎక్కువ వెలుగు పరావర్తనం చెందుతుంది. ప్రతిబింబం కావాలంటే కెమెరాను నీటి దగ్గరికి దించాలి, పోలరైజర్ తీసేయాలి. ఇక మూసీ. నది పడమర నుంచి తూర్పుకు పారుతుంది. దక్షిణపు ఒడ్డున హైకోర్టు, ఉత్తరపు ఒడ్డున ఉస్మానియా ఆస్పత్రి ఎదురెదురుగా ఉన్నాయి. నదివైపు హైకోర్టు ముఖం ఉత్తరానికి, ఆస్పత్రి ముఖం దక్షిణానికి. చదువరులకు ఈపాటికి అర్థమై ఉంటుంది. చలికాలంలో నయాపూల్ మీద నిలబడితే ఎండ ఆస్పత్రి గుమ్మటాలదే. హైకోర్టు వంతు మే, జూన్, జులై.

అనుమతుల గురించి నాలుగు ముక్కలు. చార్మినార్ పురావస్తు శాఖ రక్షణలో ఉంది. చేతిలో కెమెరాకు అభ్యంతరం ఉండదు కానీ ట్రైపాడ్ పెట్టాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. మసీదుల్లో, దర్గాల్లో నమాజు వేళ కెమెరా సంచిలోనే ఉంచండి. డ్రోన్ ఎగరేయాలనుకునేవాళ్లు ఎక్కడ ఎగరవచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ చూడకుండా పెట్టె తెరవకూడదు.

చివరగా ఒక విన్నపం. 1880ల చివర్లో జర్మన్ గణితవేత్త సెబాస్టియన్ ఫిన్‌స్టర్‌వాల్డర్ ఆల్ప్స్ మంచునదాలను గుర్తుపెట్టిన చోట్ల నుంచి ఫోటోలతో కొలవడం మొదలుపెట్టాడు. ఏళ్ల తర్వాత అవే చోట్ల నుంచి మళ్లీ తీసిన ఫోటోలే మంచు ఎంత వెనక్కు పోయిందో చెప్పాయి. మనకు మంచు లేదు, కరిగిపోతున్నవి బండలు. క్వారీలకూ, వెంచర్లకూ హైదరాబాద్ గుట్టలు ఎన్నో పోయాయి. వాటిని కాపాడాలని 1996 నుంచి సొసైటీ టు సేవ్ రాక్స్ పోరాడుతూనే ఉంది. దీన్‌దయాళ్ స్టూడియోకు చెందిన 2,857 గాజు నెగెటివ్‌లు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. పాత హైదరాబాద్ ఎలా ఉండేదో చెప్పడానికి ఈనాడు అవే సాక్ష్యం. మీ బస్తీకి దగ్గర్లో మిగిలిన గుట్టను ఒకదాన్ని ఎంచుకోండి. ఏటా అదే నెలలో, అదే చోటు నుంచి, అదే లెన్స్‌తో ఒక ఫోటో తీయండి. ఫైలు పేరులో తేదీ, సమయం, నిలబడిన చోటు రాసి దాచండి.